బూటెత్తుకుపోయిన కుక్క చూపించిన చోటు

వీపుకి డేరా మూట కట్టుకుని వారాంతాల్లో కొండలెక్కే పిల్లలూ, మిమ్మల్ని చూస్తే నాకు భలే సంబరం. ఫోను తీస్తారు, దారి పక్కన పచ్చ చుక్క ఎక్కడుందో చూస్తారు, సాయంత్రానికి అక్కడికి చేరి డేరా వేసుకుంటారు. నేల పొడిగా ఉంటుంది, పక్కనే నీళ్లుంటాయి, గాలి విసిరి కొట్టదు, కార్ల మోత వినపడదు. పొద్దున్నే లేచి ఫొటో పెట్టి "అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందో" అని రాస్తారు. ఆ పచ్చ చుక్క ఆకాశం నుంచి ఊడిపడిందనుకున్నారా? ఎవరో ఒకడు వానలో తడిసి, బురదలో పడి, కుక్కల చేత తరిమించుకుని వెతికాడు బాబూ. మా వైపు కొండదారిలో ఆ ఒకణ్ణి నేనే. ఇప్పుడు రిటైరై ఐర్లండ్‌లోని ఎన్నిస్ ఊళ్లో ఇంటిపట్టున కూర్చున్నాను గానీ, ఆ చుక్కల్లో ఒకదాని సంగతి తలుచుకుంటే ఈ రోజుకీ కాలు నిలవదు. అది చెబుతాను.

మాది తెనాలి దగ్గర పల్లె. కాలవల శాఖలో సర్వేయరుగా జెండాలు పాతి, గట్లమ్మట తిరిగి సగం వయసు గడిపాను. మా ఆవిడకి ఎన్నిస్‌లో నర్సు ఉద్యోగం వస్తే ఆవిడ వెనకాలే వచ్చాను. వచ్చాక కొన్నేళ్లు వృద్ధుల కేర్ హోమ్‌లో కేరర్‌గా నైట్ డ్యూటీలు చేశాను. మంచి పనే, కానీ నా నడుం ఒప్పుకోలేదు. మనుషుల్ని లేపి కూర్చోబెట్టేసరికి నన్ను లేపడానికి ఇంకొకళ్లు కావాల్సి వచ్చేది. అలాంటప్పుడు ఒక ప్రకటన కంటపడింది. దూరాల కాలిబాట ఒకటి చూసుకునే చిన్న సంఘానికి, బాట పొడుగునా డేరా చోట్లు వెతికి పెట్టే మనిషి కావాలట. నేల చూడటం రావాలి, వానలో నడవాలి, రైతులతో మాట్లాడాలి.

"ఇంట్లో మంచం ఉండగా బురదలో పడుకోవడానికి జీతం ఇస్తారా? ఎవరైనా మోసగాళ్లేమో చూసుకోండి" అంది మా ఆవిడ. మా అమ్మాయికి తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇక్కడి క్లేర్ జిల్లా యాస ఇంగ్లీషులోనే వస్తుంది. అది విరగబడి నవ్వింది. నేను మాత్రం దరఖాస్తు పెట్టేశాను, ఉద్యోగం వచ్చేసింది.

ఆఫీసులో మేం ముగ్గురం. మా మేనేజరమ్మది ఆ కొండల పక్క పల్లే. భారీ మనిషి, భారీ నవ్వు, జీపు నిండా కుక్క వెంట్రుకలు. రెండో అతను డచ్చాయన, నీటి పరీక్షలు, మట్టి పరీక్షలు అతని పని. వాళ్లు ఇంగ్లీషులోనే మాట్లాడేవాళ్లనుకోండి, నేనిక్కడ తెలుగు చేసి చెబుతున్నాను.

పని చెప్పడానికి సులువు. బాట మీద ఒక రోజు నడకకి ఒక చోటు దొరకాలి. నేల మీద మడమతో గట్టిగా తొక్కితే గట్టిగా పలకాలి. తుంగ మొలిచిన చోట కింద నీళ్లున్నట్టే, ఇది మాకు కృష్ణా కాలవల దగ్గరా ఒకటే, ఇక్కడా ఒకటే. రోడ్డుకి కనపడకూడదు, పశువులకి అడ్డం కాకూడదు. ఆపైన నిశ్శబ్దం. అసలు చిక్కంతా దానితోనే వచ్చేది. వచ్చిన కొత్తలో అడవి అంచున ఒక మైదానం చూసి మురిసిపోయాను. సోమవారం నుంచి శనివారం దాకా ఎప్పుడు వెళ్లినా పిట్ట కూత తప్ప చప్పుడు లేదు. ఏ చోటైనా మాలో ఒకరు ఒక రాత్రి ఉండి చూశాకే ఖాయం చేసేవాళ్లం గనక డేరా వేసుకుని పడుకున్నాను. తెల్లారితే ఆదివారం. ధన్‌మని పేలింది తుపాకీ! ఒకటి కాదు, వరసగా. పక్క పొలంలో ఆదివారం ఆదివారం మట్టి పలకలు ఎగరేసి తుపాకీలతో కొట్టే క్లబ్బు ఉందట. నేను లుంగీతో అడవిలోకి పరిగెత్తిన తీరు క్లబ్బు వాళ్లంతా చూశారు. "యుద్ధం గానీ వచ్చిందనుకున్నావా?" అని మేనేజరమ్మ వారం రోజులు నవ్వింది.

అలా పడుతూ లేస్తూ బాటంతా చుక్కలు పెట్టుకుంటూ వచ్చాం, ఒక్క చోట తప్ప. కొండ మధ్యలో ఒక పెద్ద ముక్క, అటు చూస్తే బోగ్, అంటే కాలేస్తే మోకాటిదాకా దిగబడే నల్ల పీట్ నేల, ఇటు చూస్తే గవర్నమెంటు వాళ్ల స్ప్రూస్ చెట్ల చీకటి. ఒక్క రోజులో దాటలేని దూరం అది. దాని నడుమ ఒకే ఒక్క పెద్దావిడ పొలాలు, ఒకే ఇల్లు. భర్త పోయి కొంతకాలమైంది, ఒక్కతే ఉంటుంది. కొండకి అవతల వాలులో ఆవిడదే ఒక పొలం ఉంది, ఫరవాలేదు, డేరాలు వేయొచ్చు. డచ్చాయన వెళ్లి గుమ్మంలో నిలబడి "మీ పొలంలో డేరాలు వేసుకోవచ్చా, లేదా?" అని అడిగేశాడట. ఆవిడ "చూద్దాంలే" అందట. ఇతను సంబరంగా వచ్చి మ్యాపు మీద టిక్కు పెట్టాడు.

"అయ్యా మహానుభావా, చూద్దాం అంటే వద్దని!" అన్నాను.

"చూద్దాం అంటే చూస్తానని కదా?"

"మీ దేశంలో అనుకుంటా. మా ఊళ్లో వద్దని. ఇక్కడా అంతే."

మేనేజరమ్మ తల పట్టుకుని "ఇతను నిజం చెబుతున్నాడు" అంది. ఆమె స్వయంగా రెండుసార్లు వెళ్లింది. రెండుసార్లూ టీ ఇచ్చారు, కేకు పెట్టారు, వాతావరణం గురించి గంటసేపు మాట్లాడారు, చివర్లో మళ్లీ "చూద్దాం."

అక్టోబరు వచ్చింది. వచ్చే వారం మా సంఘం కమిటీ కూర్చుంటుంది. ఆ నడిమి ముక్కలో చోటు దొరికితే బాటంతా డేరా బాటగా తెరుస్తారు, నా ఉద్యోగం పర్మనెంటు అవుతుంది. దొరక్కపోతే ఆ ముక్క వదిలేసి, లారీలు తిరిగే తారు రోడ్డు మీదికి బాట మళ్లిస్తారు, నా కాంట్రాక్టు అక్కడితో అయిపోతుంది. మళ్లీ కేర్ హోమ్, మళ్లీ నైట్ డ్యూటీ. ఇంట్లో ఆ మాట ఎత్తడానికి కూడా నాకు నోరు రాలేదు. మా ఆవిడకి చెప్పకుండానే అర్థమైంది.

"శనివారం నాకు ఆఫ్. నేనూ వస్తాను. ఎవరింటికైనా ఒట్టి చేతులతో వెళ్లి మీ పొలం ఇవ్వండని అడుగుతారా? మీకసలు బుద్ధుందా?" అంది. శుక్రవారం కూర్చుని డబ్బా నిండా సున్నుండలు చుట్టింది.

శనివారం పొద్దున మేనేజరమ్మ జీపులో ముగ్గురం బయల్దేరాం. ఆ ఇంటి సందు తిరిగేసరికి పెద్దావిడ వాకిట్లో, గేటు బయట, గడ్డి మీద ఎక్కడ చూసినా కార్లే. మేనేజరమ్మ బ్రేకు మీద నిలబడింది.

"దేవుడా! ఇవాళ వీళ్లింట్లో స్టేషన్స్! వెనక్కి పోదాం, వెనక్కి!"

స్టేషన్స్ అంటే అక్కడి క్యాథలిక్ పల్లెల పాత ఆచారం. వంతుల ప్రకారం ఒక్కో ఇంటికి ఫాదర్‌గారు వచ్చి పూజ చేస్తారు. చుట్టుపక్కల ఇళ్ల వాళ్లంతా వస్తారు. పూజయ్యాక అక్కడే తిళ్లు, తాగుళ్లు. అలాంటి రోజున సంతకం అడగడానికి పోవడమంటే ఎంత సిగ్గుమాలినతనమో మీరే ఆలోచించండి. కానీ వెనక్కి తిప్పుకునేలోపే ఒక పొరుగాయన జీపు తలుపు తెరిచేశాడు. "రండి రండి, ఆలస్యమేం కాలేదు" అని మా ఆవిడ చేతిలో డబ్బా చూసి "అబ్బో, ఫలహారం కూడానా, గ్రాండ్!" అన్నాడు. ఇంకేం చేస్తాం?

మా ఆవిడకి మాత్రం కొత్తేం లేదు. మేమూ క్యాథలిక్కులమే. మా ఊళ్లో ఇంటింటికీ తిరిగి ప్రార్థనలు పెట్టుకుని పులిహోర పంచుకుంటూ పెరిగాం. ఆవిడ చున్నీ తలమీదికి లాక్కుని గడప దగ్గర చెప్పులు విడిచింది. నేనూ బూట్లు విప్పి పక్కన పెట్టాను. ఐర్లండ్ చర్చిల్లో బూట్లతో నడవడం అలవాటైంది గానీ, ఇంట్లో పూజ జరుగుతోందంటే కాళ్లు వాటంతట అవే ఆగిపోయాయి. లోపల వంటింటి నిండా జనం, అందరి కాళ్లకీ బూట్లున్నాయి. మేమిద్దరం సాక్సుల్లో. ఫాదర్‌గారు మా పాదాల వంక ఒకసారి చూసి, చిన్నగా నవ్వి పూజ మొదలుపెట్టారు.

పూజ అయిపోయింది. టీ వచ్చింది. సున్నుండల డబ్బా చేతులు మారుతోంది, "ఇదేమిటి, ఇంత బాగుందేమిటి" అంటున్నారు. పెద్దావిడ మా ఆవిడ చేయి పట్టుకుని వదలడం లేదు. అడగడానికి ఇదే సమయమేమోనని మేనేజరమ్మ వంక చూశాను. ఆమె కళ్లతోనే "నోర్మూసుకో" అంది. సరే, కాసేపు గాలి పీల్చుకుందామని గుమ్మంలోకి వచ్చాను.

మా ఆవిడ చెప్పులున్నాయి. నా బూటు ఒక్కటే ఉంది.

చూద్దును కదా, వాకిలి చివర గొర్రెల కుక్క, నలుపూ తెలుపూ, నోట్లో నా రెండో బూటు! నన్ను చూసి తోకాడించింది. "ఏయ్! ఇటివ్వవే!" అని తెలుగులో అరిచాను. అది ఒక్క గెంతు గెంతి కొండ వైపు పరుగందుకుంది.

"బూటు పోయింది!" అన్న నా కేక విని వంటింట్లోంచి జనం బిలబిలమంటూ బయటికొచ్చారు. పెద్దావిడ వెనక తలుపు పక్కనున్న ఒక జత రబ్బరు బూట్లు తెచ్చి "మా ఆయనవి, తొడుక్కో నాయనా, పరిగెత్తు!" అంది. అవి నా కాలికి రెండింతలున్నాయి. తొడుక్కుని పరిగెత్తాను. వెనక నుంచి ఈలలు, చప్పట్లు. ఫాదర్‌గారు కూడా కప్పు చేతిలో పట్టుకుని "ఎడమ వైపు! ఎడమ వైపు!" అంటున్నారు.

కుక్క రాతి గోడ దూకింది. నేను గోడెక్కి దిగాను. అది నడుమెత్తు ఫెర్న్ పొదల్లో దూరింది. ఆ కాలంలో పొదలన్నీ ఎండి ఎర్రగా ఉంటాయి. తోక కొస ఒక్కటే పైకి కనిపిస్తోంది, దాన్ని పట్టుకుని నేను. ముళ్లు గీసుకున్నాయి. రబ్బరు బూటు ఒకటి ఊడిపోతే వెనక్కి వచ్చి తొడుక్కున్నాను. రొప్పుతున్నాను, తిడుతున్నాను, నాకు వచ్చిన తిట్లన్నీ ఆ కొండకి వినిపించాను. ఉన్నట్టుండి పొదలు అయిపోయాయి.

పచ్చిక! ఎర్ర కొండ నడుమ దుప్పటి పరిచినట్టు పచ్చటి మెత్తటి పచ్చిక. మూడు వైపులా కొండ ఎత్తుగా ఉండి గాలిని ఆపేసింది. అప్పటిదాకా చెవుల్లో హోరెత్తిన గాలి ఠక్కున ఆగిపోయింది. ఎక్కడో రాళ్ల మధ్య నీళ్లు పారుతున్న చప్పుడు వస్తోంది. కుక్క పచ్చిక మధ్యలో కూర్చుని నా బూటు నములుతోంది. బూటు సంగతి ఎవడిక్కావాలి! మడమతో గట్టిగా తొక్కాను. ధమ్మని పలికింది నేల. ఇంకోచోట తొక్కాను. ధమ్! ఒక్క తుంగ పోచ లేదు. చుట్టూ పరిగెత్తుతూ తొక్కాను. ఎక్కడ తొక్కినా గట్టి నేలే. ఒక మూల మోకాటి ఎత్తు రాళ్ల గోడలు, ఎప్పుడో ఇల్లుండి పోయిన ఆనవాళ్లు. మా బాట కొండ నెత్తి వెంబడి పోతుంది, అక్కడి నుంచి ఇటు వంద అడుగులేస్తే చాలు. పై నుంచి తీసిన ఫొటోల్లో పొదల మధ్య ఈ ముక్క మా కంటికి ఆనలేదు. నెలల తరబడి మేం వెతికిందంతా కొండకి అవతలి వైపు!

మా ఆవిడ ఆయాసపడుతూ వచ్చేసరికి నేను గంతులేస్తున్నాను.

"ఏవండీ, బూటు దొరికిందా? పడ్డారా? తలకేమైనా తగిలిందా?"

"బూటు కాదు, ఇది చూడు! తొక్కి చూడు! నువ్వూ తొక్కు!"

పాపం తొక్కింది. "బావుందండీ" అంది, నన్ను ఒక నర్సు రోగిని చూసినట్టు చూస్తూ.

ఆ వెనకే కర్ర పట్టుకుని పెద్దావిడ, ఆమె చేయి పట్టుకుని మేనేజరమ్మ వచ్చారు. పెద్దావిడ గోడల మీద చేయి వేసి నిలబడింది. "దీన్ని బూలీ అంటాం. మా నాయనమ్మ వాళ్ల అమ్మ కాలంలో వేసవి వస్తే ఆడపిల్లలు ఆవుల్ని తోలుకొచ్చి ఇక్కడే ఉండేవాళ్లు. పాలు పితికి వెన్న చేసి కిందికి పంపేవాళ్లు. అన్నేళ్లు ఆవులు మేసిన నేల, అందుకే ఇంత పచ్చన" అంది. ఎన్ని తరాల వాళ్లో తొక్కి తొక్కి, పడుకుని చూసి ఎంచిపెట్టిన చోటది. దానికి నా మడమ పరీక్షొకటి!

అప్పుడు చేయకూడని పని చేశాను. టీ లేదు, వాతావరణం లేదు, ఆగలేక అడిగేశాను. "అమ్మా, ఇక్కడ డేరాలు వేసుకోనిస్తారా?"

ఆవిడ కొండ వైపు చూసింది. "చూద్దాం నాయనా" అంది.

ఇంత చోటు కళ్లముందుండగా అయిపోయింది అంతా. మేనేజరమ్మ నా భుజం తట్టి ముందు నడిచింది. కిందికి వచ్చాం. ఒక్కొక్క కారే వెళ్లిపోయింది. అంతసేపు జాతరలా ఉన్న ఇల్లు ఖాళీ అయింది. మేమూ బయల్దేరేవాళ్లమే, మా ఆవిడ మాత్రం "అన్ని కప్పులు ఆవిడొక్కతే ఎలా కడుగుతుంది" అని కుర్తా చేతులు పైకి మడుచుకుని సింకు దగ్గర నిలబడింది. నేను జీపులో కూర్చుని నమిలిన బూటుకి తాడు కట్టుకుంటూ, మళ్లీ ఏ షిఫ్టు వేస్తారో అని ఆలోచిస్తున్నాను.

చాలాసేపటికి మా ఆవిడ వచ్చి జీపు అద్దం తట్టింది. "ఆవిడ వద్దనడం లేదండీ. భయపడుతోంది. గాలివాన రాత్రుళ్లు, కొండ అవతల ఎవరైనా తడిసి చస్తున్నారేమో అనుకుంటే ఆవిడకి కంటిమీద కునుకు ఉండదట. పూర్వం భర్త లాంతరు పట్టుకుని వెళ్లి చూసొచ్చేవాడు. ఇప్పుడు ఎవరు వెళ్తారు? మీరంతా పోయి అడిగింది ఇంటికి కనపడని పొలం. ఈ బూలీ ఇక్కడికి కనిపిస్తుందేమో ఒకసారి చూద్దామని ఇద్దరం ఇల్లంతా తిరిగాం. వాకిట్లోంచి కనపడదు. మేడ మీద ఆవిడ పడకగది కిటికీలోంచి కనిపిస్తుంది!"

నేను మేనేజరమ్మ మొహం చూశాను. నిశ్శబ్దమంటే మనిషి కంటికి ఆనని చోటని మేం ఎంత గట్టిగా అనుకున్నామో! ఇళ్లకి దూరంగా, ఇంకా దూరంగా వెతుక్కుంటూ పోయాం. ఆవిడ మాత్రం మా ఆవిడతో కప్పు తుడుస్తూ అందట, "నిశ్శబ్దం కావాలని అంత దూరం నడిచి వస్తారా? నా దగ్గర కావాల్సినంత ఉంది, పట్టుకుపొమ్మను" అని.

షరతు ఒక్కటే. ముందు నేను ఒక రాత్రి అక్కడ పడుకోవాలి, డేరాలో దీపం వెలిగించి ఉంచాలి. కిటికీలోంచి చూశాక ఆవిడ మాట చెబుతుంది. కమిటీ కూర్చునే రోజుకి ముందు రాత్రి డేరా పట్టుకుని వెళ్లాను. దీపం వెలిగించాను. కింద ఆ ఒక్క కిటికీ. అక్కడా దీపం ఉంది. చాలాసేపటికి అది ఆరిపోయింది. ఆరిపోవడం మంచికో చెడుకో తెలియక నేను మాత్రం తెల్లారేదాకా దొర్లుతూనే ఉన్నాను.

పొద్దున్నే డేరా చుట్టి భుజానేసుకుని దిగాను. మేనేజరమ్మ జీపు గేటు దగ్గర ఆగి ఉంది. ఆమెకీ నిద్ర ఉన్నట్టు లేదు. పెద్దావిడ వాకిట్లో కోళ్లకి గింజలు వేస్తోంది.

"ఎలా ఉందమ్మా రాత్రి?" అన్నాను.

"నీ దీపం కాసేపు చూశాను. తర్వాత తెలీదు. ఎన్నాళ్లకో నిద్ర పట్టేసింది."

"అయితే..." అంది మేనేజరమ్మ.

"అయితే ఏముంది? బోర్డు పెట్టుకోండి. ఎక్కడ సంతకం పెట్టాలి?"

నేను అరిచిన అరుపుకి కోళ్లన్నీ చెదిరిపోయాయి. మేనేజరమ్మ నన్ను కావలించుకుని ఎత్తినంత పని చేసింది. ఉద్యోగం నిలిచింది, బాట నిలిచింది, ఇంటికి ఫోను చేయడానికి జేబులు తడుముకుంటున్నాను. ఆ గోల మధ్య పెద్దావిడ మామూలుగా అడిగింది.

"ఇవాళ రాత్రికి ఎవరొస్తున్నారు?"

మేనేజరమ్మ నెమ్మదిగా చెప్పింది. కమిటీ ఒప్పుకోవాలి, ఇన్సూరెన్స్ రావాలి, గేటు కట్టాలి, నడిచేవాళ్లు రావడానికి ఎండాకాలం అవుతుందని.

"ఎండాకాలమా" అంది ఆవిడ. ఒకసారి తలెత్తి కొండ వైపు చూసింది. "అలాగే కానీయండి" అని గింజల చిప్ప తీసుకుని లోపలికి తిరిగింది.

మేనేజరమ్మ నా వైపు చేయి చాచింది. నా భుజం మీంచి డేరా మూట లాక్కుని తన భుజాన వేసుకుంది.

"ఇవాళ నేనొస్తున్నాను," అని ఆవిడ వీపు వైపు కేకేసింది. "రేపు మా డచ్చాయన."